గోడ మీదుగా వచ్చిన పురుగులు

జూన్ 12. ఉదయం ఆరుంబావు. తూర్పు గోడ నుంచి రెండు జానల దూరంలో ఒక పురుగు. పొడవు నాలుగున్నర అంగుళాలు. నలుపు. సజీవం.

జూన్ 15. ఉదయం ఆరున్నర. అదే గోడ కింద మరొకటి. నాలుగు అంగుళాలు. సజీవం.

జూన్ 23. తెల్లవారి అదే వరుసలో రెండు. ఒకటి చచ్చినది, చీమలు పట్టినవి.

జూలై 2. ఒకటి. తూర్పు గోడ, నల్లా మూల.

జూలై 9. ఒకటి. అయిదు అంగుళాలు. కొలుచుచుండగా పక్కింటివారు గోడ మీదుగా చూసి నవ్విరి.

జూలై 14. ఇంటి ముందు అరుగు మీద, నా ఎడమ కాలి బూటులో ఒకటి. ఇది వేరు జాతి. జానెడుకు మించును. ఒంటి మీద తెల్లని పట్టీలు. ముందురోజు సాయంత్రం పక్కింటివారు నిచ్చెన తిరిగి ఇవ్వ వచ్చి, అదే అరుగు మీద అరగంట కూర్చుండిరి.

జూలై 15. పక్కింటివారికి నోటీసు. పురపాలక కార్యాలయమునకు దరఖాస్తు.

జూలై 16. పక్కింటివారు మేడ మీద డబ్బాలన్నీ బోర్లించి ఏదో తెల్లనిది ఆరబోసిరి. కారణం తెలియరాలేదు.

జూలై 17. మా స్టీలు గిన్నె గోడ మీద పెట్టబడినది. ఖాళీగా.

జూలై 18. నన్ను ‘సార్’ అని సంబోధించిరి.

ఈ జాబితా నా దినచర్య పుస్తకం నుంచి ఉన్నదున్నట్టు ఎత్తి రాసినది. ఇందులో ‘పురుగు’ అన్న చోటల్లా పాము అని చదువుకోవాలి. అలా ఎందుకు రాయవలసి వచ్చిందో, రాసినందువల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

నేను ముప్పయ్యొక్క సంవత్సరాలు ఒక ప్రభుత్వ కార్యాలయపు రికార్డు గదిలో పని చేసి విరమణ పొందినవాణ్ణి. సిద్దిపేటలో ఈ ఇల్లు కట్టుకుని ఇరవై రెండేళ్లయింది. ఇంట్లో నేనూ నా భార్యా ఉంటాం. నాకు మూడు పుస్తకాలున్నాయి: వానలకు ఒకటి, మొక్కలకు ఒకటి, తక్కిన సమస్తానికీ దినచర్య పుస్తకం. ఒకదాని సంగతి మరొకదానిలో రాయను. రికార్డు గదిలో నేర్చుకున్న మరో రెండు నియమాలు కూడా ఇంటికి తెచ్చుకున్నాను. రాసినదాన్ని కొట్టివేయకూడదు; తప్పని తేలితే పక్కన ఎర్ర సిరాతో వివరణ రాయాలి. నకలు అన్నది అసలుతో అక్షరం అక్షరం సరిపోవాలి.

పక్కింటివారు అంటే తూర్పు వైపు ఇంట్లో ఉండే విశ్రాంత బస్సు డ్రైవరు, ఆయన భార్య. ఆయన ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం హుస్నాబాద్ దారి మీదనే గడిచింది. మా రెండు ఇళ్ల మధ్య ఛాతీ ఎత్తు గోడ ఉంది. మేం ఏ విధంగానూ చుట్టాలం కాము. అయినా ఇల్లు కట్టే రోజుల్లో ఇసుక కుప్ప దగ్గర ఒకనాడు ఆయన నన్ను ‘బావా’ అన్నాడు, నేనూ తిరిగి ‘బావా’ అన్నాను. ఆ లెక్కన నా భార్య ఆయనకు ‘అక్క’ అయింది, ఆయన భార్యకు ‘వదినె’ అయింది. ఇరవై రెండేళ్లు ఈ వరుసలు తప్పలేదు. మా కొడుకు పెళ్లి జరిగినప్పుడు బావమరిది చేయవలసిన పనులన్నీ ఆయనే చేశాడు, బావమరిది ఆడవలసిన మాటలన్నీ కూడా ఆడాడు.

వరుసలకంటే గట్టిది గిన్నె. వారింట్లో సర్వపిండి, అంటే బియ్యప్పిండి కారపు రొట్టె, చేస్తే గోడ మీదుగా మాకొస్తుంది. మా మామిడికాయ తొక్కు వారికి పోతుంది. మక్క గారెలు, పచ్చిపులుసు, పెసర గుడాలు, అన్నీ అదే తోవ. వచ్చిన గిన్నె ఎన్నడూ ఖాళీగా తిరిగిపోదు. ఇంట్లో ఏమీ లేని రోజున చిటికెడు చక్కెరైనా వేస్తారు, నాలుగు కరివేపాకు రెబ్బలైనా పెడతారు. నా భార్యకు మోకాళ్ల నొప్పులు. వీధి దాకా పోవడమే కష్టం. ఆమె లోకమంతా ఆ గోడ దగ్గరే. పొద్దున పది గంటలకు ఇటు ఆమె, అటు డ్రైవరు భార్య గోడకు మోచేతులు ఆనించి నిలబడితే పదకొండు దాకా కదలరు. ఈ గొడవలో పోయినదేమిటో చదివేవారికి మొదటనే తెలియాలని ఇదంతా రాస్తున్నాను. పోయినవి రెండు: నాకు ఒక పిలుపు, ఆమెకు ఒక గంట.

మృగశిర కార్తెలో తొలి వాన పడ్డ మరుసటి పొద్దున మొదటి పాము కనిపించింది. పెరడు ఊడ్చబోయిన నా భార్య చీపురు వదిలి వెనక్కి వచ్చింది. వెళ్లి చూశాను. ముందు ఎర్ర అనుకున్నాను, గాలానికి గుచ్చే వానకాలపు ఎర్ర. కాని అది మెరుస్తోంది. పుల్లతో కదిపితే ఎర్రలా ముడుచుకోలేదు, పాములా జారింది. కింద స్కేలు పెట్టి కొలిచాను. తల ఏదో తోక ఏదో తేల్చుకోవడానికి భూతద్దం తేవలసి వచ్చింది. తరువాత దాన్ని చేటలోకి ఎత్తి, వీధి చివర కాలువ గట్టున వదిలిపెట్టాను.

దినచర్య పుస్తకం తెరిచి ‘పా’ అని రాశానో లేదో, నా భార్య నా చెయ్యి పట్టుకుంది. “గా పేరు ఇంట్ల రాయొద్దు. పేరు వెట్టి పిలిస్తె మళ్ల వస్తది. పురుగు అని రాయుండ్రి” అంది. మా వైపు అది అందరికీ తెలిసిన ఆచారమే. పాము కరిచిందని ఎవరూ అనరు, పురుగు ముట్టింది అంటారు. దవాఖానలో డాక్టరుకు కూడా అలాగే చెబుతారు, ఆయనకూ అర్థమవుతుంది. నాకు ఇటువంటి వాటిలో నమ్మకం లేదు. అయినా ఆమె చెయ్యి చల్లగా ఉంది. ‘పా’ను కొట్టివేయడం నా నియమానికి విరుద్ధం కనుక ఆ పేజీని అలాగే విడిచిపెట్టి, కొత్త పేజీలో ‘పురుగు’ అని రాశాను. ఒకసారి రాసిన పదమే తరువాతి పద్దులన్నిటిలో వాడాలి. అది కూడా నియమమే.

నాలుగోది దొరికేసరికి నా మనసు గోడ అవతలికి పోయింది. ఊరికే పోలేదు. దానికి ఆధారాలున్నాయి, వాటిని వరుసగా రాసి పెట్టుకున్నాను.

మొదటిది స్థలం. దొరికినవన్నీ తూర్పు గోడకు నాలుగు జానల లోపలే దొరికాయి. ఉత్తరాన ఖాళీ జాగ ఉంది, అందులో ముళ్లపొదలున్నాయి, రాళ్ల కుప్ప ఉంది. పాములు రావలసింది అటునుంచి. అటునుంచి ఒక్కటీ రాలేదు.

రెండోది పాత మాట. కిందటేడు వానకాలంలో మా మేడ మీది నీళ్లు గొట్టం గుండా ఆయన వాకిట్లో పడుతున్నాయని ఆయన అన్నాడు. గొట్టం మార్పిస్తానని నేనన్నాను. మార్పించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఆయన ఒక్కసారే అడిగాడు, రెండోసారి అడగలేదు. రెండోసారి అడగనివాడు మరిచిపోయినవాడు కాడు, మనసులో పెట్టుకున్నవాడు అని నా అనుభవం.

మూడోది డబ్బా. విరమణ తరువాత ఆయనకు చేపల పిచ్చి పట్టింది. వారానికి రెండు రోజులు చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చుంటాడు. ఎర్రల కోసం గోడ మొదట్లో తవ్వుతాడు, వాటిని మూతకు చిల్లులు పొడిచిన పౌడరు డబ్బాలో మట్టితో సహా వేసుకుంటాడు. జూలై 1 సాయంత్రం ఆయన ఆ డబ్బాను గోడ వార బోర్లించి తట్టడం నా కంట పడింది. మరునాడు పొద్దున మా వైపు ఒకటి దొరికింది. డబ్బా తట్టింది తన వైపేనని ఆయన అనవచ్చు. గోడ మొదట్లో రంధ్రాలు లేవని ఎవరు చెప్పగలరు? రంధ్రాల కోసం వెతికాను. మూడు దొరికాయి. వాటిలో అగ్గిపుల్ల పట్టే రంధ్రం ఒకటుంది.

నాలుగోది నవ్వు. జూలై 9న నేను గొంతుక్కూర్చుని స్కేలుతో కొలుస్తుంటే ఆయన గోడ మీద గడ్డం ఆనించి, “బావా, దానికి అంగీ గిట్ల కుట్టిస్తవా ఏంది, కొలతలు దీస్తున్నవు?” అన్నాడు. అది ఏమిటని అడగలేదు. ఎక్కడిదని అడగలేదు. తన ఇంట్లోకీ వస్తున్నాయా అంటే, వచ్చినట్టు చెప్పలేదు. పెరట్లో పాము దొరికిన మనిషిని చూసి మామూలు మనిషి అడిగే ప్రశ్న ఒక్కటీ అడగకుండా, కేవలం నవ్వడం నాకు సహజంగా తోచలేదు.

ఇక జూలై 14. ఆ ఉదయం నడకకు పోదామని బూటు విదిలిస్తే జానెడు పైచిలుకు పాము జారి పడింది. నల్లటి ఒళ్లు, తెల్లని పట్టీలు. కట్లపామో, దాని పోలిక గల వేరొకటో నేను చెప్పలేను. చెప్పగలిగేంత సేపు అది ఆగనూ లేదు. అరుగు దిగి, గేటు కింద నుంచి వీధి కాలువలోకి పోయింది. నేను మాత్రం ఆ అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. అరుగు పడమట ఉంది, గోడ తూర్పున ఉంది. మధ్యలో ఇల్లంతా ఉంది. ముందురోజు సాయంత్రం డ్రైవరు నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వచ్చి, వెంట సర్వపిండి తెచ్చి, ఆ బూట్లకు జానెడు దూరంలో కూర్చుని చాయ తాగి పోయాడు. ఇంకా ఏం ఆధారం కావాలి? నాకు అప్పుడు ఇంకేమీ అక్కరలేదనిపించింది.

మరునాడు రెండు కాగితాలు రాశాను. దినచర్య పుస్తకం అసలు, ఇవి నకళ్లు. కనుక అందులోని పదమే ఇందులోనూ పడింది. డ్రైవరుకు రాసిన నోటీసు ఇది:

“గత నెల రోజులుగా తమ ఇంటి నుండి గోడ మీదుగా మా ఇంటికి పురుగులు వచ్చుచున్నవి. వాటిని తేదీల వారీగా నమోదు చేసియున్నాము. మొన్నటి సాయంత్రము తమరు స్వయముగా వచ్చిన పిదప బయల్పడినది మిక్కిలి అనుమానాస్పదముగా ఉన్నది. ఇకమీదట ఇట్టివి మా ఇంటికి రాకుండ తగు జాగ్రత్త వహించగలరు.”

పురపాలక కార్యాలయానికి రాసిన దరఖాస్తులోనూ ఇదే విషయం. నోటీసును మడిచి గోడ మీద రాయి కింద పెట్టాను. దరఖాస్తును స్వయంగా తీసుకుపోయి ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను.

ఆ తరువాతి మూడు రోజుల్లో జరిగినవి పై జాబితాలో ఉన్నాయి. డ్రైవరు జవాబివ్వలేదు. తప్పు చేయనివాడైతే ఆ క్షణమే గోడ దగ్గరికి వచ్చి అరిచేవాడు; ఇరవై రెండేళ్లుగా నాకు ఆయన గొంతు తెలుసు. మరునాడు మేడ మీద డబ్బాలు బోర్లించారు. ఏవో రుజువులు మాయం చేస్తున్నారని అనుకున్నాను. ఆ మరునాడు మా గిన్నె గోడ మీద కనిపించింది, లోపల కడిగి తుడిచి, ఖాళీగా. నా భార్య దాన్ని తీసుకుని చాలాసేపు లోపలికి చూస్తూ నిలబడింది. జూలై 18న కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే డ్రైవరు పక్కకు జరిగి, “తీస్కోండ్రి సార్” అన్నాడు. నా వెనకే ఉన్న నా భార్యను మాత్రం “అక్కా, కాలు మెల్లగ” అన్నాడు. ఒక స్త్రీని అక్క అని పిలుస్తూ, ఆమె భర్తను సార్ అనడం ఏ వరుసకూ చెందదు. ఆ రోజు నుంచి పది గంటలకు గోడ అవతల ఎవరూ నిలబడలేదు. నా భార్య రెండు రోజులు నిలబడింది. మూడో రోజున లోపలే కూర్చుని పప్పు ఏరుకుంది.

జూలై 21న పురపాలక కార్యాలయం వారు స్పందించారు. నలభై అయిదేళ్ల మనిషి ఒకామె, ఒక చేతిలో బ్లీచింగ్ పౌడరు బకెట్టు, భుజాన మందు కొట్టే పంపు తీసుకుని వచ్చింది. “ఏడ బాపు పురుగులు? దోమలా, బొద్దింకలా, చెదలా?” అని అడిగింది. నేను పాములని చెప్పాను. ఆమె కాగితం తీసి చూపించింది. అందులో పురుగులనే ఉంది, కింద నా సంతకమే ఉంది.

“పురుగంటె పురుగే రాసుకుంటరు గద బాపు. నువ్వు పామని రాస్తె పాములోణ్ణి తోలుతుండె. నేనొస్తినా?”

అని, వచ్చింది గనక ఖాళీగా పోవడం ఎందుకని మోరీ కాలువ పొడుగునా పౌడరు చల్లడం మొదలుపెట్టింది. తూర్పు గోడ వారకు వచ్చేసరికి అక్కడ వరుసగా పెట్టిన పూల తొట్లు అడ్డం వచ్చాయి. ఒక తొట్టిని ఎత్తి పక్కన పెట్టింది. దాని కింద తడి మట్టి మీద, నలుపుగా, మెరుస్తూ, నాలుగంగుళాల పొడవున ఒకటి పడుకుని ఉంది.

నేను వెనక్కి జరిగాను. ఆమె వంగి రెండు వేళ్లతో దాన్ని ఎత్తి అరచేతిలో వేసుకుంది. “గిదానా? గిది గుడ్డిపాము బాపు. కండ్లుండవు, కర్వనీకి నోరు గుడ రాదు. నేను నర్సరీల మూడేండ్లు సంచులు నింపిన. మట్టి ఎత్తితె చాలు గివే. తొట్టిల మట్టిల వడి ఇండ్లల్లకు వస్తయి. నీళ్లెక్కువైతె పైకొస్తయి.” తరువాత తొట్ల వరుసను చూసి, “గివెప్పుడు దెచ్చిన్రు?” అని అడిగింది.

దినచర్య పుస్తకం తెరిచి చూశాను. అందులో లేదు, ఉండదు కూడా. మొక్కల పుస్తకం తెరిచాను. జూన్ 4: ‘హుస్నాబాద్ రోడ్డు నర్సరీ నుండి తొమ్మిది తొట్లు తేబడినవి. తూర్పు గోడ వెంట అమర్చబడినవి.’ తెచ్చింది నేను. అమర్చింది నేను. దొరికిన ప్రతిదానికీ గోడ నుంచి దూరం కొలిచాను. తొట్టి నుంచి దూరం కొలవలేదు. నేను గీసుకున్న గడుల్లో తొట్టికి గడి లేదు. వానల పుస్తకం కూడా తీశాను. దొరికిన ఆరింటిలో నాలుగు వాన పడ్డ మరుసటి ఉదయాలవి. తక్కిన రెండు నేను నల్లా విప్పి మొక్కలకు నిండుగా నీళ్లు పట్టిన రోజులవి. మూడు పుస్తకాలు పక్కపక్కన పెడితే ఏడు నిమిషాల్లో తేలిన సంగతి అది. నలభై రోజుల్లో నేను వాటిని ఒక్కసారీ పక్కపక్కన పెట్టలేదు.

ఆమె వెళ్లిన గంటకు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం వచ్చింది.

అంతటితో నా అనుమానం తీరిందని అనను. ఆరు గుడ్డిపాముల సంగతి తేలింది. డ్రైవరు మౌనం తేలలేదు. పాములు వదలనివాడు నా నోటీసుకు జవాబెందుకు ఇవ్వలేదు? మేడ మీద ఏం ఆరబోశాడు? ఈ ప్రశ్నలకు జవాబు ఆ సాయంత్రమే దొరికింది, నేను అడగని చోట. నా భార్య మోకాళ్లు పట్టుకుని వీధి వెంట చుట్టూ తిరిగి వారింటికి పోయి వచ్చింది. గోడ మీదుగా పలకరిస్తే పలకరని ఆమెకు అనిపించిందట. వచ్చి మంచం మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పింది.

“మీరు రాసిన కాయితం సదివి, ఆమె సర్వపిండిల పురుగులొచ్చినయని మీరన్నరనుకున్నది. వానకాలం గద, పిండికి పురుగు వట్టిందేమోనని ఇంట్ల ఉన్న పిండంత మేడ మీద వోసి జల్లెడ వట్టింది. రెండు పొద్దులు అన్నం తినలేదట. ఒక్క పురుగు గుడ దొరకలేదట.”

నోటీసు నకలు తీసి మళ్లీ చదివాను. ‘తమ ఇంటి నుండి గోడ మీదుగా మా ఇంటికి పురుగులు వచ్చుచున్నవి.’ ఆ గోడ మీదుగా మాకు వారింటి నుంచి ఇరవై రెండేళ్లుగా వస్తున్నది ఒక్కటే, తిండి. ‘మొన్నటి సాయంత్రము తమరు స్వయముగా వచ్చిన పిదప బయల్పడినది.’ ఆ సాయంత్రం ఆయన తెచ్చింది సర్వపిండి. ‘తేదీల వారీగా నమోదు చేసియున్నాము.’ ఆమె చేసి పంపిన ప్రతి గిన్నెకూ నేను లెక్క రాసి పెట్టుకున్నానని ఆమెకు అర్థమైంది. ఒక్క అక్షరం మార్చకుండా వారి వైపు నుంచి చదివితే ఆ కాగితానికి వేరే అర్థమే లేదు.

మరునాడు పొద్దున గోడ దగ్గరికి పోయాను. డ్రైవరు కుర్చీ వేసుకుని గాలం తీగ చిక్కు తీస్తున్నాడు. లేవలేదు. “చెప్పుండ్రి సార్” అన్నాడు.

నేను రాసింది పిండి గురించి కాదని చెప్పాను. మరి దేని గురించని అడిగాడు. పట్టపగలు, పేరు పెట్టి, పాముల గురించని చెప్పాను. మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు అన్నీ చెప్పాను. నా భార్య ఆ పేరు రాయవద్దన్నదని, నోటీసులోనూ అదే పదం పడిందని చెప్పాను. తొట్ల సంగతి కూడా దాచలేదు. ఆయన చేతిలోని తీగ ఆగిపోయింది.

“అంటె, నీ ఇంట్లకు పాములు నేనిడుస్తున్ననుకున్నవు” అన్నాడు.

అనుకున్నానని ఒప్పుకున్నాను.

“పిండిల పురుగులన్నవనుకుంటె మా ఆమె ఒక్కతే ఏడ్సింది. గిప్పుడు చెప్పినవు సూడు, గిది నాకు.” గాలం తీగను వేలికి చుట్టుకున్నాడు. “పామని రాయనీకి నీకు భయమైంది. నా మీద రాయనీకి మాత్రం కాలే.”

నేను చేతులు జోడించి అక్కడితో ఆగి ఉంటే సరిపోయేదేమో. నా భార్య అదే అంటోంది. కాని జాబితాలో ఏడో పాము ఒకటి మిగిలి ఉంది. గుడ్డిపాములు తొట్లలో వచ్చాయి. పట్టీల పాము తొట్టిలో రాలేదు. అది పడమటి అరుగు మీద బూటులో దొరికింది. ఏదీ తేల్చకుండా పుస్తకం మూయడం నాకు చేతకాదు. “జూలై పదమూడు సాయంత్రం మీరు ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు...” అని మొదలుపెట్టాను.

ఆయన లేచి నిలబడ్డాడు. ఆయనకు కోపం వచ్చిందనుకున్నాను. కాని మీసం కింద పెదవి ఒక పక్కకు పోయింది. ఇరవై రెండేళ్లలో ఆ పెదవి అటు పోవడం నేను చాలాసార్లు చూశాను, ప్రతిసారీ తరువాత ఒక వేళాకోళం వచ్చేది. ఈసారి వేళాకోళం రాలేదు.

“నోటిమాట నీకెన్నడు పనికొచ్చింది? కాయితం మీద అడుగు. కాయితం మీదనే చెప్త” అన్నాడు. లోపలికి పోతూ గాలం తీగను కుర్చీ మీద వదిలేశాడు.

‘సార్’ అని మొదలుపెట్టిన మనిషి ‘నీకు’ అని ముగించాడు. అది మంచికో చెడుకో నిర్ణయించలేకపోయాను. ఆ పెదవి సంగతీ అంతే. ఏదో తెలిసి దాచినవాడి పెదవి కూడా అలాగే పోతుంది. రెండు విషయాలనూ ఆ రోజు పద్దులో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. పాత పద్దులు వేటినీ కొట్టివేయలేదు. ఆరు పద్దుల పక్కన ఎర్ర సిరాతో ‘తొట్ల ద్వారా వచ్చినవి. తెచ్చినవాడు నేనే’ అని రాశాను. జూలై 16 పద్దు పక్కన ‘పిండి’ అని రాశాను. మొదటి రోజున ‘పా’ అని రాసి విడిచిపెట్టిన పేజీకి తిరిగి వెళ్లి, ‘ము’ చేర్చి పూర్తి చేశాను. నా భార్య చూసింది, ఈసారి చెయ్యి పట్టుకోలేదు. “గిన్నెల ఏమన్న వెట్టి పంపుండ్రి. వట్టి కాయితం వంపకుండ్రి” అని మాత్రం అంది. తొక్కు జాడీ దించి, గిన్నె నిండా తానే పెట్టింది. కాయితం మీద అడగమన్నది ఆయనే కనుక, గిన్నె మూత కింద పెట్టి పంపిన కాగితం ఇది:

విశ్రాంత బస్సు డ్రైవరు గారికి, తూర్పు ఇల్లు.

తమరు నోటిమాటగా కోరిన ప్రకారం ఈ దిగువ అంశాలను రాతపూర్వకంగా తమ ముందుంచుతున్నాను.

ఒకటి. జూలై 15 నాటి నా నోటీసులో ‘పురుగులు’ అన్న చోట ‘పాములు’ అని ఉండవలసినది. తమ ఇంటి పిండిలో గాని, తమ ఇంటి నుండి వచ్చిన ఏ పదార్థంలో గాని ఏనాడూ ఏ పురుగూ కనబడలేదు. ఇది తమ భార్యగారికి చదివి వినిపించవలెను.

రెండు. జూన్ 12 నుండి జూలై 9 వరకు దొరికిన ఆరు పాములు నా తొట్లలో వచ్చినవి. వాటి విషయమై తమ మీద మోపిన అభియోగాన్ని పూర్తిగా ఉపసంహరించుకుంటున్నాను.

మూడు. జూలై 14న బూటులో దొరికిన పట్టీల పాము విషయం ఇంకా తేలలేదు. దాని గురించి తమకేమైనా తెలియునా, తెలియదా? ఒక్క మాటలో చెప్పినా చాలును. తెలియదని తమరు రాసిన యెడల దానిని నమ్మి, ఆ పద్దును మూసివేయుదును.

నాలుగు. ఇందుతో పంపిన గిన్నె అందినదా? అందినచో, ఉదయం పది గంటలకు గోడ వద్ద నా భార్య నిలబడవచ్చునా?

అయిదు. తమ జవాబులో నన్ను ఏ పదంతో సంబోధించవలెననేది తమ ఇష్టం. అయితే ఆ పదం మొదటి పంక్తిలోనే, విడిగా, స్పష్టమైన అక్షరాలతో ఉండవలెను. దానిని నేను పుస్తకంలో నమోదు చేసుకోవలసి ఉన్నది.

పై అయిదు అంశాలకూ తమ చేతి రాతతో, తేదీ వేసి, సంతకం చేసిన జవాబును ఈ కాగితం అందిన వారం రోజుల లోపల ఇప్పించవలసిందిగా ఇందుమూలంగా కోరడమైనది.